ఏడో సూచన

"ఉజ్వలా, టువ్వాల."

స్నానాల గదిలోంచి నరేందర్ పిలిచాడు. టువ్వాల ఆ గది తలుపు పక్కనే, తీగ మీద, చేయి బయటికి చాపితే అందేంత దగ్గరలో వేలాడుతూ ఉంది. ఉజ్వల వంటింట్లోంచి వచ్చి, దాన్ని తీసి, తలుపు సందులోంచి అందించింది. తడి చేయి ఒకటి బయటికి వచ్చి టువ్వాలతోపాటు ఆమె వేళ్లను కూడా రెండు క్షణాలు పట్టుకుని వదిలింది. ఆ రెండు క్షణాల కోసమే టువ్వాల బయట ఉంటుందని పెళ్లయిన నాలుగు నెలల్లో ఆమెకు అర్థమైంది. ఈలోపు పొయ్యి మీద ఉప్మా కొంచెం అడుగంటింది. అడుగంటిన ఉప్మా కూడా బాగుంటుందని ఆమె ఆ నాలుగు నెలల్లోనే కనిపెట్టింది.

ఆ రోజుల్లో ఉజ్వలకు నచ్చనిది ఏదైనా ఉందా అంటే వెతుక్కోవాలి. కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో పేర్లు చెక్కే చిన్న మిషన్ ఒకటి ఉంది. పెళ్లయిన వారానికి నరేందర్ మూడు గిన్నెల టిఫిన్ డబ్బా మీద ఆమె పేరు తనే చెక్కి తెచ్చాడు. 'ల' దగ్గర చేయి జారి గీత పక్కకు పోయింది. ఆ జారిన గీత మీద ఆమె రోజూ ఒకసారి వేలు ఆనించేది. సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద బైకు ఆపి తినే మిర్చి బజ్జీ, అది చుట్టి ఇచ్చిన, సగం చిరిగిన ఎవరిదో పదో తరగతి లెక్కల పేపరు, అన్నీ ఆమెకు సంబరమే. అన్నిటికన్నా పిలుపులు. పుట్టింట్లో, దౌల్తాబాద్‌లో, ఆమె ముగ్గురు ఆడపిల్లల్లో నడిపిది. 'ఓ పిల్లా' అంటే ముగ్గురిలో దగ్గరున్నది పలికేది. ఈ ఇంట్లో ఉజ్వల అంటే ఉజ్వలే. మెట్ల కింది నుంచి మామగారు భూపతి "ఉజ్వలమ్మా" అనేవాడు. దేవుడి గదిలోంచి అత్తగారు విమలమ్మ "బిడ్డా ఉజ్వలా" అనేది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఇంట్లో తన పేరు మోగుతుంటే, ఇన్నేళ్లు ఈ పేరును ఎవరూ సరిగ్గా వాడలేదని ఆమెకు అనిపించింది.

పిలిస్తే పలికే కోడలు దొరికిందని విమలమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. ఒకరోజు కందిపప్పు ఏరుతూ కోడలితో నేరుగా ఇంకో మాట అన్నది.

"నువ్వొచ్చినంక నాకు మంచిగ నిద్ర పడ్తున్నది బిడ్డా. పదేండ్ల సంది లేని నిద్ర."

ఉజ్వల ఆ మాటను ఫోనులో తల్లికి చెప్పింది. తల్లి ఇద్దరు అక్కచెల్లెళ్లకూ చెప్పింది. అంత మంచి మాట ఇంకో అత్త అనగా వాళ్లెవరూ వినలేదు.

పదేళ్లుగా నిద్ర పట్టని ఆడవాళ్ల గురించి ఉజ్వలకు మామూలుగా కన్నా కొంచెం ఎక్కువే తెలుసు. ఆమె ఉద్యోగమే అది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. పెళ్లికి ముందే ఒక పరిశోధన ప్రాజెక్టులో చేరింది. బస్టాండు వెనక కిరాయికి తీసుకున్న రెండు గదులు వాళ్ల ఆఫీసు. పరిశోధన నడిపే డాక్టర్ అనసూర్య హైదరాబాదు నుంచి వారానికి మూడు రోజులు వచ్చేది. ముప్పై నుంచి యాభై అయిదేళ్ల మధ్య వయసు, ఎప్పుడూ వదలని అలసట, సరిగా పట్టని నిద్ర, కానీ పరీక్షల్లో ఏ లోపమూ లేని అరవై మంది ఆడవాళ్లను వాళ్లు పట్టణంలోనూ చుట్టుపక్కలా ఎంచుకున్నారు. రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది, మనిషే బాగాలేదు. అలాంటి వాళ్లను వెతకడం కష్టమవుతుందని డాక్టరమ్మ భయపడింది. పది రోజుల్లో దొరికారు.

ఆ అరవై మందికీ తలా ఒక దిండు, ఒక పెట్టె ఇచ్చారు. పలుచని దిండు, లోపల చుట్టలు చుట్టిన రాగి తీగ. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దాని మీద పచ్చ దీపం. దిండు మీద తల ఆనించి పడుకుంటే ఆ తీగలోంచి చాలా బలహీనమైన విద్యుదయస్కాంత తరంగాలు ఒక లయలో వస్తాయి. చప్పుడు ఉండదు, వేడి ఉండదు, తగిలినట్టే తెలియదు. పగటిపూట రోజుకు నలభై నిమిషాల చొప్పున ఎనిమిది వారాలు అలా పడుకుంటే అలసట తగ్గుతుందా, రాత్రి నిద్ర బాగుపడుతుందా, మనసు తేలిక పడుతుందా అన్నది పరిశోధన. ముప్పై పెట్టెల్లో తరంగాలు నిజంగా వస్తాయి. మిగతా ముప్పైలో దీపం మాత్రం వెలుగుతుంది. ఎవరికి ఏది వచ్చిందో ఆ ఆడవాళ్లకు తెలియదు, ఉజ్వలకు తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. ఆ జాబితా హైదరాబాదులో సీలు వేసిన కవరులో ఉంది. నరేందర్ దుకాణానికి వచ్చిన వాళ్లతో, బిందె తూకం వేస్తూ, మా ఆమె రీసెర్చిల ఉన్నది అని చెప్పేవాడు. ఆ మాట మెట్ల మీద నిలబడి వినడం ఉజ్వలకు ఇంకో సంబరం.

పెట్టెతోపాటు ఒక కాగితం ఇచ్చేవారు. అందులో ఆరు సూచనలు. రోజూ ఒకే సమయానికి పడుకోవాలి. వెల్లకిలా పడుకోవాలి. ఫోను ఆరడుగుల దూరంలో ఉండాలి. ఒంటి మీది లోహపు వస్తువులు తీసేయాలి. నిద్ర వస్తే నిద్రపోవచ్చు. లేచాక డైరీ నింపాలి, రాయడం రాకపోతే ఇంట్లోవాళ్లతో నింపించాలి. నాలుగోదాని దగ్గర మొదటి రోజే పేచీ వచ్చింది. పుస్తెలు తీయమంటే ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. డాక్టరమ్మ అరగంట ఆలోచించి, తల పిన్నులు, కమ్మలు చాలని రాయించింది. ఆ మార్పును కూడా పరిశోధనకు అనుమతి ఇచ్చిన కమిటీకి పంపి, సంతకం తెప్పించి, అప్పుడే అచ్చు వేయించింది. ఆవిడ పద్ధతి అలాంటిది.

పెట్టెలో మరొకటి కూడా ఉంది. దిండు మీద తల ఎంతసేపు ఉందో అది నిమిషాల్లో లెక్క రాసుకుంటుంది. మొదటి వారం చివర ఉజ్వల ఆ లెక్కలు తీసుకోవడానికి ఇళ్లకు వెళ్లింది. మొదటి ఇల్లు యాదవ్వది. ఆమె భర్త దుబ్బయ్య చీరలు నేస్తాడు. యాదవ్వ కండెలకు నూలు చుడుతుంది, రంగులు అద్దుతుంది, పడుగు దారాలు వరస పెట్టి ఆసు పోస్తుంది. వీటన్నిటితోపాటు వంట, నీళ్లు, బట్టలు. తను నేతపని చేస్తానని ఆమె ఎక్కడా చెప్పలేదు. మా ఆయన నేస్తడు అని రాయించింది. పెట్టెలో మొదటి రోజు లెక్క చూస్తే ఏడు నిమిషాలు.

ఉజ్వల ఎందుకని అడిగింది.

"పండుకున్న బిడ్డా," అన్నది యాదవ్వ. "కండె అయిపోయిందన్నడు, లేచి ఇచ్చిన. మల్ల పండుకున్న. నీళ్లన్నడు, ఇచ్చిన. మల్ల పండుకున్న. గల్మల ఎవలో వచ్చిన్రన్నడు. గప్పటికి నీ మిషనే అలిసిపోయింది."

గుంట మగ్గంలో కాళ్లు కిందికి దించి కూర్చున్న మనిషి మాటిమాటికీ లేవలేడు, అది నిజమే. కండెల బుట్ట చేతికందేంత దగ్గర పెట్టుకుని కూర్చోవచ్చు, అదీ నిజమే. ఉజ్వల ఆ రోజు మొదటి నిజాన్నే రాసుకుంది. రెండోదాన్ని కూడా చూసింది గానీ, దాన్ని ఎక్కడ రాయాలో డైరీలో గడి లేదు.

అరవై ఇళ్లలోనూ అదే వరస. ఏడు, పదకొండు, నాలుగు. ఒకామె దిండు తీగ మెడకు చుట్టుకున్న సంగతి మరచి పెట్టెను ఈడ్చుకుంటూ వంటింటి దాకా వెళ్లింది. వారం సగటు తొమ్మిది నిమిషాలు తేలింది. ఇలాగైతే పరిశోధన మొదటి నెలలోనే చచ్చిపోతుందని, ఎట్లనన్న చేసి నలభై నిమిషాలు పూర్తయ్యేట్టు చూడమని డాక్టరమ్మ ఉజ్వలకు చెప్పి హైదరాబాదు బస్సెక్కింది.

ఉజ్వల చూసింది. కాగితాలు మళ్లీ పంచడానికి జిరాక్స్ షాపులో నిలబడి, ఫోనులో ఉన్న ఆరు సూచనల కింద ఏడోది తనే రాసింది. 'మిషన్ నడిచే నలభై నిమిషాలు ఆమెను ఎవరూ, దేనికీ పిలవకూడదు. పిలిస్తే ఆ రోజు చికిత్స పనిచేయదు.' అంతే. రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. బయట నరేందర్ బైకు హారన్ కొడుతున్నాడు, బజ్జీలు చల్లారిపోతాయని. అక్షరాలు కొంచెం పెద్దవి చేసి, అరవై కాపీలు తీయించి, మరుసటి వారం ప్రతి ఇంట్లో చదివి వినిపించి, గోడకు తన చేత్తోనే అంటించింది. కమిటీ సంగతి ఆమెకు గుర్తు రాలేదు. పిల్లలకు అందకుండా ఉంచండి అన్నట్టుగా, అదొక మామూలు జాగ్రత్త అనుకుంది.

ఆ తర్వాతి వారాలు ఎట్లా గడిచాయో డైరీల్లో ఉంది. దుబ్బయ్య, యాదవ్వ పడుకునే పదకొండు కొట్టేలోపు కండెల బుట్ట, చెంబు, బీడీ కట్ట అన్నీ మగ్గం గట్టు మీద సర్దుకునేవాడు. మొదటి వారం పిలవాలని నోరు తెరిచి, పచ్చ దీపం చూసి, మూసుకునేవాడట. సిద్ధమ్మ అనే ఇంకొకామె ఇంట్లో అత్తగారు గడపలో కాపలా కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేది.

"మా కోడలు కరెంటుల ఉన్నది. జెర ఆగి రా."

పిలిచిన వాళ్లకు షాకు కొడుతుందని ఎక్కడో పుకారు పుట్టింది. ఎవరూ దాన్ని కాదనలేదు, ఆ ఆడవాళ్లు అసలే కాదనలేదు. పెట్టెల్లో లెక్క ముప్పై ఎనిమిదికి, ముప్పై తొమ్మిదికి, నలభైకి వచ్చి నిలబడింది. రాత్రి నిద్ర నాలుగు గంటల నుంచి ఆరుకు పోయింది. పదికి ఎనిమిది వేసిన అలసట నాలుగు దగ్గరికి దిగింది. ఇతర విషయాలు అన్న గడిలో సిద్ధమ్మ ఒకరోజు వంకర అక్షరాలతో రాసింది: 'పైకప్పుల ఎనిమిది దూలాలు ఉన్నయి. ఇన్నేండ్లు చూడలే.' ఉజ్వల ఆ వాక్యాన్ని కంప్యూటరులో ఎక్కించడానికి తగిన సంఖ్య దొరక్క వదిలేసింది.

ఆ వారాల్లోనే ఒక ఆదివారం, ఎందుకో తోచక, మిగిలిపోయిన ఖాళీ డైరీ ఒకటి తీసి తన పేరు మీదే నింపడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు లేచారు, ఎవరు పిలిచారు, దేనికి. దాన్ని ఒక ఆటలాగే మొదలుపెట్టింది. టువ్వాల, చాయ్, ఫోను చార్జరు, మెట్ల కింది నుంచి మంచినీళ్లు, దేవుడి గదికి అగ్గిపెట్టె, చుట్టాలొచ్చారు మళ్లీ చాయ్, నా కండ్లద్దాలు చూసినవా, ఊకెనే పిలిచిన ఎటు పోయినవో అని. సాయంత్రం ఏడు అయ్యేసరికి నలభై ఒకటి. వాటిలో ఊకెనే పిలిచినవి మూడు. ఆ మూడూ నరేందర్‌వి. వాటిని ఆమె విడిగా గుండ్రం చుట్టింది, అవి తీపివి కాబట్టి. మిగతా ముప్పై ఎనిమిదిని చూసింది. బాధేమీ కలగలేదు. ఆసక్తిగా ఉంది, అంతే. పక్కనే విమలమ్మ పేరున కూడా ఒక గడి పెట్టింది, అది ఖాళీగానే మిగిలింది. ఆ రోజంతా విమలమ్మను ఎవరూ, దేనికీ పిలవలేదు. ఉజ్వల డైరీ మూసి బీరువాలో చీరల కింద పెట్టింది.

ఎనిమిది వారాలు అయ్యాక హైదరాబాదులో కవరు విప్పారు. లెక్కలు ఉజ్వలే వేసింది. తరంగాలు వచ్చిన ముప్పై మందిలో అలసట ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గింది. ఉత్త దీపం వెలిగిన ముప్పై మందిలోనూ ఎనిమిది నుంచి నాలుగుకే తగ్గింది. నిద్రా అంతే, మనసూ అంతే. రెండు గీతలు కాగితం మీద ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు ఉన్నాయి. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. మూడేళ్లుగా ఆ తరంగాల మీద పనిచేస్తున్న మనిషి. తర్వాత నింపాదిగా నివేదిక రాయడం మొదలుపెట్టింది. మరుసటి రోజు ఉజ్వల దాన్ని టైపు చేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగింది. 'ఈ స్త్రీలలో కనిపించిన మెరుగుదల, చికిత్స జరుగుతున్నదన్న వారి నమ్మకం వల్ల కలిగినదే.'

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు జిరాక్స్ షాపు. రెండు గుంపులకూ సమానంగా అందింది పచ్చ దీపం ఒక్కటే కాదు. ఏడో సూచన కూడా అందింది. ఆ సంగతి ఆమెకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. చదువుకున్న చదువు అంతా ఒక్కసారి లేచి కూర్చుంది. కమిటీకి చెప్పకుండా సూచన మార్చితే ఆ పరిశోధన చెల్లదు. ఆ మాట బయటపడితే ముందు తన ఉద్యోగం పోతుంది, నివేదిక మీద మూడో పేరుగా ఉన్న తన పేరు పోతుంది. బయటపడకపోతే ఆ వాక్యం అచ్చవుతుంది. అరవై మంది అలసట వాళ్ల తలకాయల్లో ఉందని, దీపం చూపిస్తే పోయిందని, ఎప్పటికీ కాగితం మీద ఉండిపోతుంది.

మొదట ఆమె తనను కాపాడుకోవాలనే అనుకుంది. పెట్టెలు వెనక్కి తీసుకోవడానికి ఎలాగూ ఇళ్లకు వెళ్లాలి. పెట్టెలతోపాటు గోడల మీది కాగితాలు కూడా తీసుకొస్తే ఏడో సూచన అన్నది ఉన్నట్టే ఉండదు. ఆటో మాట్లాడుకుని బయలుదేరింది. రెండు రోజుల్లో యాభై తొమ్మిది ఇళ్లు తిరిగింది. యాభై తొమ్మిది కాగితాలు గోటితో గీకి జాగ్రత్తగా ఊడదీసింది. పాత కాగితమే కదా అన్నట్టు ఎవరూ ఏమీ అనలేదు. అనలేదు గానీ, ఆమె గీకుతుంటే ఇంటి ఆడమనిషి ప్రతిచోటా పని ఆపి నిలబడి చూసింది.

యాదవ్వ ఇల్లు ఆఖరిది. పెట్టెను గుడ్డతో తుడిచి, దిండు గలేబు ఉతికి మడత పెట్టి సిద్ధంగా ఉంచింది. ఉజ్వల అవి తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది.

"గదెందుకు తీస్తున్నవ్?" అన్నది యాదవ్వ.

మిషన్ పోతుంది కదా, కాగితంతో ఇంక పనేముందని ఉజ్వల అన్నది.

యాదవ్వ మగ్గం వైపు ఒకసారి చూసింది. దుబ్బయ్య నేస్తూనే ఉన్నాడు, చెవి ఇటే ఉంది. ఆమె గొంతు తగ్గించింది.

"మిషన్ తీస్కపో బిడ్డా. అండ్ల ఏం లేదని నాకెర్కే. కాయితం ఉండనియ్యి."

"ఏం లేదని ఎట్ల ఎర్క యాదవ్వక్కా?"

"నాలుగో వారం కరెంటు పోయింది. దీపం లేదు, ఏం లేదు. నేను లేవలే. ఆయన పిలువలే. గా నాడు గూడ గట్లనే నిద్ర పట్టింది." ఆమె కాగితం మీద, అక్షరాలు పెద్దగా ఉన్న చోట, అరచేయి ఆనించింది. "నాకు సదువు రాదు. గీ ఆఖరి ముచ్చట ఎవలు రాసిన్రో గని, వాళ్లకు ఎర్కున్నది."

తను రాశానని ఉజ్వల చెప్పలేదు. తను తెలిసి రాయలేదు. బజ్జీలు చల్లారతాయని తొందరలో రాసింది. ఆ గోడ మీది కాగితాన్ని ఆమె తీయలేదు. సంచిలో యాభై తొమ్మిది కాగితాలతో ఆటో ఎక్కింది.

సాయంత్రం చెరువు కట్ట మీద నరేందర్‌కు అంతా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. అతను మంచివాడు, ఆమె చెప్పేది ఎప్పుడూ వింటాడు. విని, ఒక్క లైనే గదా అన్నాడు. ఎవరు చూడొచ్చారు, ఉన్న ఒక్క కాగితం కూడా వానకు పోతుంది, ఎవరి అలసట కోసమో మంచి కొలువు పోగొట్టుకుంటవా అన్నాడు. ఆమె ఎవరి అలసటో కాదన్నట్టు ఏదో అనబోయింది. అతను నవ్వి, ఆమె వేళ్లు పట్టుకున్నాడు.

"నీకేం అలసట ఉజ్వలా. ఇంట్ల నలుగురమే గద."

ఇంటికి వచ్చేసరికి విమలమ్మ హాల్లో కుర్చీలో కునుకు తీస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒడిలో వదిలేసి, సాయంత్రం ఆరున్నరకు, దీపాలు పెట్టే వేళ. మెట్ల కింది నుంచి భూపతి పిలిచాడు. "ఉజ్వలమ్మా, రెండు చాయ్." విమలమ్మ కనురెప్ప కూడా కదల్లేదు. ఆ పిలుపు తనది కాదని ఆ నిద్రకు తెలుసు. ఉజ్వల కుర్చీ పక్కన నిలబడింది. నువ్వొచ్చినంక నాకు నిద్ర పడ్తున్నది. ఇంత కాలమూ మెచ్చుకోలుగా దాచుకున్న మాట అది. ఇప్పుడు చూస్తే రెండు గీతల లెక్కలాగే ఉంది. కాకపోతే ఇక్కడ ఒక గీత దిగిన చోట ఇంకొకటి ఎక్కుతోంది. బీరువాలో చీరల కింద ఉన్న నలభై ఒక్క పిలుపులూ ఇదివరకు ఈమెవే. పదేళ్లు కాదు, ముప్పై ఏళ్లు. ఉజ్వల ఆ ఇంట్లో మిషన్‌గా వచ్చింది, దీపం వెలుగుతూనే ఉంది. ఈ పోలిక తట్టినందుకు ఆమెకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. చాయ్ పెట్టి కిందికి ఇచ్చి వచ్చింది.

మరుసటి రోజు యాభై తొమ్మిది కాగితాలూ డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

డాక్టర్ అనసూర్య పైదాన్ని తీసుకుని చదివింది. ఏడోది వచ్చేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. ఎప్పుడు, ఎందుకు, ఎవరు చెప్తే అని వరసగా అడిగింది. ఉజ్వల వరసగా చెప్పింది. ఆ కాసేపట్లో డాక్టరమ్మ ఫోను మూడుసార్లు మోగింది. ఇంటి నుంచే. బీపీ గోలీలు ఎక్కడున్నాయని ఒకసారి, గ్యాసు బండ వచ్చింది పుస్తకం ఎక్కడని ఒకసారి. మూడోసారి ఆవిడ దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇప్పుడు మిషన్ పనిచేస్తదో లేదో నేను చెప్పలేను," అన్నది. "మిషన్ చేసిందేమన్న ఉంటే ఈ లైను కప్పేసింది. నువ్వు ఇది పెట్టకపోతే చెప్పగలిగేదాన్ని."

"పెట్టకపోతే ఒక్కరు కూడ నలభై నిమిషాలు పండుకునేటోళ్లు కాదు మేడం."

డాక్టరమ్మ క్యాలెండరు వైపు చూసింది. కమిటీకి రాయాలి అన్నది. ఉజ్వల ఒప్పందం నెలాఖరుకు అయిపోతుందని, మళ్లీ ఇవ్వడం కుదరదని కూడా అన్నది. కోపంగా ఏమీ అనలేదు. నివేదిక తీసి, నమ్మకం వల్ల కలిగినదే అన్న వాక్యాన్ని పెన్నుతో కొట్టేసింది. దాని బదులు రాయాల్సిన చోట ఖాళీ వదిలింది. ఏడో సూచన ఒక్కటే పెట్టి, మిషన్ లేకుండా ఒక పరిశోధన చేయాలని అనుకుంటే, అమ్మడానికి అందులో ఏముందని ఎవరు పైసలు పెడతారు అన్నది. ఉజ్వలతో కాదు, కిటికీతో అన్నట్టు. ఉజ్వల వెళ్లేటప్పుడు ఆవిడ ఆ పై కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకోవడం కనిపించింది.

ఆ మరుసటి పొద్దున అత్తాకోడళ్లు వంటింట్లో పీటల మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఉజ్వల గోడ గడియారం చూసి కూర్చుంది. కొత్త గ్లాసులు, అంచున సన్నని గీత ఉన్నవి, నిన్ననే దుకాణం నుంచి వచ్చాయి. వాటిలో చాయ్ ఎక్కువ ఎర్రగా కనిపిస్తోందని ఆమె అన్నది. విమలమ్మ గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, అవును బిడ్డా అన్నది.

"ఉజ్వలా, టువ్వాల."

ఉజ్వల ఒక గుక్క తాగింది.

"ఉజ్వలా."

విమలమ్మ కోడలి వైపు చూసింది. కోడలు లేవడం లేదని తెలియగానే, ఆలోచించకుండానే, మోకాలి మీద చేయి ఆనించి తను లేవబోయింది. ముప్పై ఏళ్ల అలవాటు ఆ మోకాలిలో అట్లాగే ఉంది, ఈ కొన్ని నెలలు నిద్రపోయిందంతే. తను లేవకపోతే పిలుపు ఎక్కడికి పోతుందో ఉజ్వలకు అప్పుడు కళ్ల ముందే కనిపించింది. ఆమె ఆ చేయి మీద తన చేయి వేసింది.

"కూసోండి అత్తమ్మా. చాయ్ చల్లారుతది."

"పిలుస్తుండు గద బిడ్డా."

"టువ్వాల తలుపు కాడనే ఉన్నది."

విమలమ్మ కూర్చుంది. బస్సులో ఎవరి సీటో అన్నట్టు, పీట అంచున. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. ఈసారి అమ్మా అని పిలుపు వచ్చింది. విమలమ్మ పీటను రెండు చేతులా పట్టుకుంది. గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి తడి చేయి వచ్చి గాలిలో అటూ ఇటూ వెతకడం ఉజ్వలకు వంటింట్లోంచి కనిపించింది. ఆ వేళ్లంటే ఆమెకు ఇప్పటికీ ఇష్టమే. టువ్వాల లేకుండా కూడా వాటిని పట్టుకోవచ్చు. చేయి తీగను తాకింది, తీగ ఊగింది, టువ్వాల లోపలికి పోయింది. విమలమ్మ అదంతా, జరగదనుకున్నది జరిగినట్టు, రెప్ప వేయకుండా చూసింది. తర్వాత పీట మీద కొంచెం వెనక్కి జరిగి, సరిగ్గా కూర్చుని, గ్లాసు ఎత్తుకుంది.

"మంచిగున్నది చాయ్," అన్నది.

కింది నుంచి భూపతి దుకాణం తాళంచెవి ఏదని కేకేశాడు. ఈసారి విమలమ్మ ఆగలేకపోయింది. గ్లాసు పెట్టి లేచింది. ఉజ్వల గోడ గడియారం చూసింది. ఏడు నిమిషాలు. యాదవ్వకు కూడా మొదటి రోజు అంతే వచ్చింది.